తొట్టెల పక్కన పుస్తకం
(నల్లగొండలో కొత్త తల్లిదండ్రుల కోసం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పసిపిల్లల్ని ఎత్తుకొని వచ్చిన అమ్మలు మధ్యలో లేచి పోవాల్సి వస్తే మొహమాటపడకండి.

పరీక్ష కోసం, ఉద్యోగం కోసం కాకుండా ఒట్టి ఇష్టంతో చదువుకోవడం గురించి మాట్లాడుకుందాం. బిడ్డ పుట్టిన ఇంట్లో ముందుగా ఆగిపోయేది ఆ చదువే. "కొంచెం పెద్దగయినంక చూద్దాంలే" అంటే ఏండ్లు గడిచిపోతాయి.

మొదట ఒక భయం తీర్చాలి. బాలింత చదివితే కండ్లు పోతాయని పెద్దవాళ్లు పుస్తకం పక్కన పెట్టిస్తారు. చదివితే చూపు పోదు. నిద్ర చాలకపోయినా, మసక వెలుతురులో చదివినా కండ్లు మండుతాయి, అలసిపోతాయి. పడుకొని లేస్తే సర్దుకుంటాయి. కానీ కాన్పయిన మొదటి ఆరు వారాల్లో చూపు మసకబారి, తలనొప్పి కూడా వదలకుండా ఉంటే అది పుస్తకం వల్ల వచ్చింది కాదు. బీపీ పెరిగి ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

ఇక సమయం సంగతి. అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. ఒక్కోసారికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. గంట ఖాళీ దొరకాలని చూస్తే దొరకదు, ఈ 20 నిమిషాలు మాత్రం రోజూ వస్తాయి. అయితే మొదటి రెండు మూడు వారాలు పాలిచ్చేటప్పుడు పుస్తకం ముట్టుకోవద్దు. బిడ్డ నోరు సరిగ్గా పట్టిందా, మింగుతోందా అని చూడాల్సిన రోజులవి. ఆ పట్టు కుదిరాక పగటి పూట మూడుసార్లు, సారికి నాలుగు పేజీలు చాలు. రోజుకు 12 పేజీలు. 150 పేజీల పుస్తకం 13 రోజుల్లో అయిపోతుంది.

పుస్తకం ఒంటి చేత్తో పట్టుకోగలిగేది కావాలి. బిడ్డ ఎడమ చేతి మీద ఉంటే కుడి చెయ్యి ఖాళీగా ఉంటుంది. మోచేతి కింద దిండు పెట్టకపోతే పది నిమిషాల్లో భుజం లాగేస్తుంది. గట్టి అట్టల లావు పుస్తకం వద్దు, జారితే బిడ్డ మీదే పడుతుంది. దీపం మీ భుజం వెనక ఉండాలి, బిడ్డ ముఖం మీద పడొద్దు.

ఎనిమిది పది పేజీల కథలు, వ్యాసాలు, కవిత్వం ఈ రోజులకు బాగా పనికొస్తాయి. ముప్పై పాత్రలున్న నవల మూడో రోజుకే ఎవరు ఎవరో తెలియకుండా పోతుంది. చాలామంది ఇక్కడే "నాకిక చదువు రాదు" అని వదిలేస్తారు. తప్పు వాళ్లది కాదు, ఎంచుకున్న పుస్తకానిది. ఇంతకుముందు ఇష్టంగా చదివిన పుస్తకమే మళ్లీ పట్టండి, మధ్యలో తెగినా బాధ లేదు. ఆపిన పేజీలో కాదు, ఆపిన వాక్యం పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టండి.

నలుగు పెట్టి, స్నానం పోసి, సాంబ్రాణి వేశాక చాలామంది పిల్లలు గంట, గంటన్నర ఒళ్లు తెలియకుండా నిద్రపోతారు. మన ఇళ్లల్లో ఆ గంటంతా బట్టలకే పోతుంది. బట్టలు అయ్యేసరికి బిడ్డ లేస్తుంది. కాబట్టి మొదటి 15 నిమిషాలు చదువుకే, బట్టలు ఆ తర్వాతే. ఇంకా మంచిది, ఆ గుడ్డలు నాన్న ఉతకడం. ఇది సాయం కాదు, ఆయన వంతు పని. రాత్రి నిద్ర లేని తల్లికి మాత్రం ఆ గంటలో కావలసింది నిద్రే. పుస్తకం రేపటికి ఉంటుంది.

రాత్రి పాలిచ్చేటప్పుడు కుర్చీలోనో సోఫాలోనో కూర్చొని చదువుతూ కునుకు తీయడం చాలా ప్రమాదం. బిడ్డ సందులో ఇరుక్కుంటే ఊపిరాడదు. కండ్లు బరువెక్కగానే బిడ్డను పడుకోబెట్టేయండి.

ఫోనులో చదువుదామంటే వాట్సాప్ వస్తుంది, ఆ 20 నిమిషాలూ దానికే పోతాయి. ఏడ్చే బిడ్డను భుజానేసుకొని తిరుగుతున్నప్పుడు ఆడియో పుస్తకం మేలు. ఒక్క చెవికే పెట్టుకోండి, ఇంకో చెవి బిడ్డకు.

పుట్టింటి నుంచి మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తగారింటికి వచ్చినప్పుడు ఈ అలవాటంతా తెగుతుంది. పాత ఇంట్లో పుస్తకం పెట్టిన చోటు లాంటిదే కొత్త ఇంట్లో మొదటి రోజే చూసుకోండి. పుస్తకాలు కొననక్కర్లేదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం. సభ్యత్వం తీసుకుంటే తాతయ్యో మామయ్యో వెళ్లి పుస్తకం మార్చుకొస్తారు.

ఆరో నెలకు బిడ్డ చేతులు పేజీల మీదికి వస్తాయి. చింపిన కాగితం నోట్లోకి పోతుంది. అప్పటికల్లా పాత కాటన్ చీరతో ఆరంగుళాల చదరాలు నాలుగు కోసి, మడిచి కుట్టి, ఒక గుడ్డ పుస్తకం చేసివ్వండి. గుండీలు, పూసలు కుట్టొద్దు, ఊడితే మింగేస్తారు.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.