బట్టల కొట్లో ఎండుచేపల వాసన

నమస్కారమండీ. ఈ సాయంత్రం పూట కౌంటరు పక్కన రేడియో పెట్టుకుని వింటున్న దుకాణాల వాళ్లకి, హోటళ్ల వాళ్లకి, నర్సింగ్ హోములు, కల్యాణ మండపాలు నడిపేవాళ్లకి, ఆ బిల్డింగుల్లో రాత్రి కాపలా ఉండే అన్నదమ్ములకి కూడా నమస్కారం. నాది విజయనగరం. 27 ఏళ్లుగా కరెంటు పనే. ఇళ్ల వైరింగుతో మొదలుపెట్టాను, ఇప్పుడు ఎక్కువగా షాపింగ్ కాంప్లెక్సుల్లో, ఆస్పత్రుల్లో ప్యానెల్ బోర్డులు, అంటే బిల్డింగంతటికీ కరెంటు పంచే ఇనుప పెట్టెలు చూసుకుంటున్నాను. వాటిని ఏడాదికోసారి ఎందుకు విప్పి చూడాలో ఈ పూట చెబుతాను.

కొన్నేళ్ల కిందట దసరా ముందు ఒక బట్టల కొట్టు ఓనరు గారు ఫోన్ చేశారు. మూడంతస్తుల కొట్టు. కరెంటు గురించి కాదు ఆయన చేసింది. "మెట్ల దగ్గర ఎండుచేపల వాసన వస్తోంది బాబూ, చీరలు చూడ్డానికి వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని వెళ్లిపోతున్నారు, కుర్రాళ్ల క్యారియర్లు కూడా విప్పి చూశాం, ఏమీ లేదు, మెట్ల కింద ఆ ప్యానెల్ ఉంది కదా, దాని వెనక ఎలుకేదన్నా చచ్చిందేమో ఒకసారి తలుపు తీసి చూద్దురూ" అన్నారు. వెళ్లాను. ముందు ప్యానెల్‌కి అడ్డంగా పేర్చిన అట్టపెట్టెలు తీయించడానికే పావుగంట పట్టింది. తలుపు తీస్తే లోపల ఎలుకా లేదు, బల్లీ లేదు. మెయిన్ బ్రేకర్, అంటే కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే పెద్ద స్విచ్చు దగ్గర మూడు కేబుళ్లు వచ్చి బిగించి ఉంటాయి కదా, ఎరుపు, పసుపు, నీలం, అందులో పసుపు ఫేజు తొడుగు మాడి కాఫీ రంగుకి తిరిగింది, దాని వెనక నాలుగు వేళ్ల మేర కేబుల్ తోలు బిరుసెక్కి పగుళ్లు ఇచ్చేసింది. వాసన అక్కడిదే. బేకలైటు, కొన్ని రకాల ప్లాస్టిక్కులు అతిగా వేడెక్కితే అచ్చం చేపల వాసన కొడతాయి. మన సముద్రం ఒడ్డు జిల్లాల్లో ఆ వాసన వస్తే కరెంటు మీద అనుమానం ఎవరికి వస్తుంది చెప్పండి? అందుకే ముందుగా ఈ మాట చెబుతున్నాను. ఆ వాసన స్విచ్చుల దగ్గర గానీ ప్యానెల్ దగ్గర గానీ వచ్చిందంటే అది ఎక్కడో ఏదో కాలుతోందని అర్థం. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని ఆ రోజే పిలవండి, మర్నాటికి వాయిదా వెయ్యకండి.

ఈ ప్యానెల్ చివరిసారి ఎప్పుడు తీశారండీ అని అడిగాను. బిల్డింగు కట్టినప్పుడు, అంటే 9 ఏళ్ల కిందట. "బాగానే పనిచేస్తోంది కదా బాబూ, దాన్ని కదపడం ఎందుకు?" అన్నారు. ఇన్నేళ్లలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఇదే. శ్రీకాకుళంలో విన్నాను, రాజాంలో విన్నాను, మా ఊళ్లో గంటస్తంభం చుట్టూ ఉన్న కొట్లలో విన్నాను. లైటు వెలుగుతోంది, ఏసీ తిరుగుతోంది, కాబట్టి ప్యానెల్ బాగుంది అనుకుంటాం. ఆ పసుపు ఫేజు కూడా మాడిపోతూనే కొట్టు మొత్తానికి కరెంటు ఇస్తూ వచ్చింది.

గట్టిగా బిగించిన బోల్టు దానంతటది ఎందుకు వదులవుతుందో చెబుతాను. పగలంతా లోడు ఉంటుంది, జాయింటు వేడెక్కి సాగుతుంది. రాత్రి కొట్టు కట్టేశాక చల్లారి ముడుచుకుంటుంది. మన బిల్డింగులకి వచ్చే పెద్ద కేబుళ్లు చాలావరకు అల్యూమినియంవి, అవి బిగించే చోటేమో రాగి ఉంటుంది, ఒకే వేడికి అల్యూమినియం రాగి కంటే సుమారు మూడో వంతు ఎక్కువ సాగుతుంది. పైగా అల్యూమినియం మెత్తని లోహం, బోల్టు నొక్కుడికి నెమ్మదిగా అణిగిపోతుంది. అలా రోజుకి రోజుకి పట్టు సడలుతుంది. సడలిన సందులోకి గాలి దూరితే అల్యూమినియం మీద ఒక పొర కడుతుంది, ఆ పొర కరెంటుని పోనివ్వదు. దాంతో ఇంకా వేడి, ఇంకా సడలింపు. ఒక లెక్క చెబుతాను, వినండి. 100 ఆంపియర్లు పోయే జాయింటులో కరెంటుకి తగిలే అడ్డు, అంటే రెసిస్టెన్స్, ఓమ్‌లో వెయ్యో వంతు ఉంటే అక్కడ పుట్టే వేడి 10 వాట్లు. అదే అడ్డు వందో వంతుకి పెరిగితే 100 వాట్లు. పాత రోజుల గుండు బల్బు చేత్తో ముట్టుకుంటే ఎలా చురుక్కుమనేదో గుర్తుందా, అంత వేడి బొటనవేలంత చోట, గాలాడని ఇనుప పెట్టెలో, రోజూ పది పన్నెండు గంటలు.

"బ్రేకర్ ఉంది కదా, తేడా వస్తే అదే పడిపోతుంది కదా" అంటారు. ఇక్కడే చదువుకున్నవాళ్లు కూడా పొరబడతారు. బ్రేకర్ చూసేది ఎంత కరెంటు పోతోందన్నది. బోల్టు వదులైతే కరెంటు పెరగదు, ఉన్న కరెంటే పోతుంది, కాకపోతే ఆ చోట వేడి పుడుతుంది. షాక్ కొట్టకుండా పెట్టుకునే ఆర్‌సీసీబీ ఉంది, 30 మిల్లీ ఆంపియర్లు ఎర్త్‌కి లీకైనా పడిపోతుంది, కానీ అదీ ఈ వేడిని పట్టుకోలేదు. అంటే వదులు జాయింటుని మనిషి తలుపు తీసి చూడాల్సిందే. ఒక్కోసారి ఆ వేడి పక్కనే ఉన్న బ్రేకర్‌కి తగిలి అది లోడు ఎక్కువ కాకపోయినా పడిపోతూ ఉంటుంది. అప్పుడు మనవాళ్లు చేసే పని ఏమిటంటే 32 ఆంపియర్లది తీసేసి 63ది వేయించడం. వైరు మాత్రం పాతదే. దయచేసి ఆ పని చెయ్యకండి, ఎవరైనా చేస్తానన్నా చెయ్యనివ్వకండి. బ్రేకర్ మాటిమాటికీ పడుతోందంటే ఎందుకు పడుతోందో వెతికించండి.

న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఫేజు వైరంటే అందరికీ భయం, న్యూట్రల్ అంటే లెక్కలేదు. మూడు ఫేజుల బిల్డింగులో మెయిన్ న్యూట్రల్ వదులైపోతే ఏమవుతుందో తెలుసా, 230 వోల్టులు రావాల్సిన చోట ఒక ఫేజుకి 150 వస్తుంది, ఇంకో దానికి 300, 350, ఒక్కోసారి 400 దాకా ఎక్కుతుంది. ఒక కంప్యూటర్ సెంటర్లో పొద్దున్నే మెయిన్ వెయ్యగానే ఒక వరసలో సిస్టాలన్నీ ఒకేసారి పోయాయి, ఆ అబ్బాయి తల పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాడు. లైన్లోంచి ఎక్కువ కరెంటు వచ్చిందని అందరూ అనుకున్నారు, తీరా చూస్తే ప్యానెల్లో న్యూట్రల్ లింకు దగ్గర ఒక్క నట్టు. పాత రోజుల్లో మూడు ఫేజుల లోడు సమానంగా ఉంటే న్యూట్రల్లో కరెంటు దాదాపు ఉండేది కాదు. ఇప్పుడు కొట్టు నిండా ఎల్‌ఈడీ లైట్లు, కంప్యూటర్లు, ఇన్వర్టర్ ఏసీలు. వీటి నుంచి వచ్చే కరెంటులో కొంత భాగం న్యూట్రల్లో ఒకదాన్నొకటి కొట్టేసుకోదు, కలిసి పెరుగుతుంది. పాత బిల్డింగుల్లో న్యూట్రల్ కేబుల్ సగం సైజుదే వేసేవారు. మీది పాత బిల్డింగైతే, ఈమధ్య లైట్లన్నీ మార్పించి ఉంటే, న్యూట్రల్ ఎంత వేడిగా ఉందో అడిగి మరీ చూపించుకోండి.

ఇక అసలు పనికొద్దాం. నేను అడిగేది ఏడాదికి ఒక్క పూట షట్‌డౌన్, అంటే మెయిన్ ఆపి ప్యానెల్ విప్పి చూడటం. ఆ పూట కంటే ముందు, ఒకటి రెండు రోజుల ముందు, సాయంత్రం ఏడింటికి కొట్టు కిటకిటలాడుతున్నప్పుడు థర్మల్ కెమెరాతో ప్యానెల్ చూపించండి. వేడిని రంగుల్లో చూపించే కెమెరా అది. లోడు లేనప్పుడు చూస్తే ఏమీ కనపడదు, అందుకే రద్దీలోనే చూడాలి. అద్దం గుండా, ప్లాస్టిక్ షీటు గుండా కూడా అది చూడలేదు, తలుపు తీసే చూడాలి, కాబట్టి ఆ పని తెలిసినవాళ్లే చెయ్యాలి. మూడు ఫేజుల మీద ఒకే లోడు ఉన్నప్పుడు మిగతా రెండింటి కంటే ఒకటి 15 డిగ్రీలకి మించి వేడిగా ఉంటే అది పెద్ద లోపమే, వెంటనే ఆపి సరిచేయాలి. నాలుగైదు డిగ్రీల తేడా ఉన్నా గుర్తు పెట్టుకుని షట్‌డౌన్ రోజు ఆ చోటే ముందు విప్పాలి.

షట్‌డౌన్ రోజు మెయిన్ ఆపితే సరిపోదు. ఆపాక తాళం వెయ్యాలి, "మనుషులు పనిచేస్తున్నారు" అని బోర్డు తగిలించాలి, ఆ తాళంచెవి పనిచేసేవాడి జేబులోనే ఉండాలి. జనరేటర్ దానంతటది స్టార్టయ్యే రకమైతే దాన్నీ ఆపాలి, మా తోటివాళ్లు దెబ్బ తినేది చాలాసార్లు అక్కడే. టెస్టర్‌ని ముందు కరెంటు ఉన్న చోట పెట్టి అది పనిచేస్తోందని చూసుకోవాలి, తర్వాత ప్యానెల్లో చూడాలి, మళ్లీ కరెంటు ఉన్న చోట చూడాలి. కెపాసిటర్లు ఉంటే మెయిన్ ఆపినా వాటిలో కరెంటు కాసేపు నిలవ ఉంటుంది, వాటిని పూర్తిగా ఖాళీ చేశాకే చెయ్యి పెట్టాలి. మీటరు సీళ్లు, దానికి పైనున్న లైను మనది కాదు, అటువైపు ఆపాలంటే 1912కి ఫోన్ చేసి మన కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ వాళ్లనే పిలవాలి.

దుమ్ము తీయడానికి బ్లోయర్ కొట్టకండి, బయటి దుమ్ము తీసుకెళ్లి బ్రేకర్ల లోపల కూరినట్టవుతుంది. వ్యాక్యూమ్‌తో లాగి పొడిగుడ్డతో తుడవాలి. బోల్టులు ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిదనుకునేవాళ్లు ఉన్నారు, అదీ తప్పే, అతిగా బిగిస్తే అల్యూమినియం నలిగిపోతుంది, మరలు పోతాయి. కంపెనీ వాళ్లు చెప్పిన కొలతకి, బిగువుని కొలిచి చూపించే టార్క్ రెంచితో బిగించి, నట్టు మీద నుంచి దాని కింద కరెంటు మోసే లోహపు పట్టీ మీదకి మార్కర్‌తో ఒక గీత గీయాలి. మళ్లీ ఏడాది తలుపు తియ్యగానే గీత తప్పిందా లేదా చూస్తే చాలు, ఏది కదిలిందో తెలిసిపోతుంది. బ్రేకర్లని కూడా నాలుగుసార్లు వేసి తియ్యాలి. ఏళ్ల తరబడి వేసిన చోటే ఉండిపోతే లోపలి గ్రీజు గట్టిపడి, రేపు నిజంగా షార్ట్ అయిన క్షణంలో ఆలస్యంగా పడొచ్చు.

మన వాతావరణం సంగతి వేరే. భీమిలి వైపు గానీ, కళింగపట్నం వైపు గానీ గాలిలో ఉప్పు ఉంటుంది, రాగి మీద పచ్చ చిలుము పడుతుంది. రైసుమిల్లులో తవుడు దుమ్ము, దానికి శ్రావణ మాసపు తేమ తోడైతే ఆ దుమ్మే కరెంటుకి దారైపోతుంది. వాడని కేబుల్ రంధ్రాలు మూయించండి, బల్లి దూరేది వాటిలోంచే. రెండు పట్టీల మధ్య పడిన ఒక్క బల్లి చాలు, ప్యానెల్ మొత్తం పేలిపోవడానికి.

తుఫాన్లు మీకు నేను గుర్తుచెయ్యక్కర్లేదు. 2014లో హుద్‌హుద్ అక్టోబర్ 12న, 2018లో తిత్లీ అక్టోబర్ 11న. తిత్లీ తర్వాత పలాస వైపు ఒక జీడిపప్పు యూనిట్‌కి వెళ్లాను. ప్యానెల్లోకి నీళ్లు దిగాయి, పైకి ఆరినట్టే ఉంది, లైనులో కరెంటు రాగానే వేసేద్దామని ఓనరు గారి తొందర, ఆయన బాధ నాకు అర్థమైంది, సరుకంతా తడిసి కూర్చుంది. అయినా వెయ్యనివ్వలేదు. పట్టీలు తుడిచి, వేడిగాలితో ఆరబెట్టి, కరెంటు ఎక్కడా పక్కకి లీకవడం లేదని కొలిచే మెగ్గర్‌తో 500 వోల్టులు పెట్టి చూస్తూ కూర్చున్నాం. నిమిషం పాటు పెడితే ఒక మెగా ఓమ్‌కి తగ్గకుండా చూపించాలి. సాయంత్రానికి చూపించింది. నీళ్లలో మునిగిన బ్రేకర్లు మాత్రం ఆరబెట్టి వాడేవి కావు, మార్చేయాల్సిందే, అక్కడా మార్చాం. తుఫాను తర్వాత సెల్లార్లో నీళ్లు నిలిచిన ఏ బిల్డింగులోనైనా ఇదే పద్ధతి.

అందుకే ఆ ఒక్క పూట ఎప్పుడంటే దసరాకి ముందు అంటాను నేను. విజయదశమి తర్వాత మంగళవారం మాకు పైడితల్లమ్మ సిరిమాను, ఊరంతా జనం, కొట్లలో లోడు ఆ రోజుల్లో ఉన్నంత ఇంకెప్పుడూ ఉండదు, తుఫాన్ల కాలమూ అదే. ఆయుధ పూజ నాడు ప్యానెల్ తలుపుకి పసుపు రాసి బొట్టు పెడతాం కదా, దానికి రెండు వారాల ముందే తలుపు లోపలి వైపు పని పూర్తి చేయించుకోండి. పూజ చేసేటప్పుడు నీళ్లు చిలకరించకండి, అగరొత్తులు ప్యానెల్ సందుల్లో గుచ్చకండి. ప్యానెల్ ముందు ఒక మీటరు దూరం మేర చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి, అది నిబంధన కూడా. ఎప్పుడైనా పొగ వస్తే నీళ్లు పొయ్యకండి, దగ్గరికి వెళ్లగలిగితేనే మెయిన్ ఆపండి, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ వాడండి, 101కి ఫోన్ చెయ్యండి. ఎలక్ట్రీషియన్ లేకుండా మీరే చెయ్యగలిగింది ఒకటుంది, ఆర్‌సీసీబీ మీద టెస్ట్ అని చిన్న మీట ఉంటుంది, నెలకోసారి నొక్కండి, టక్కున పడాలి. పడకపోతే అది మిమ్మల్ని కాపాడదు, మార్పించండి.

ఆ బట్టల కొట్టు ఓనరు గారికి ఆ రాత్రే కొట్టు కట్టేయించి కేబుల్ కొన కోసి, అల్యూమినియంకీ రాగికీ మధ్య వేసే లగ్గు, అంటే కేబుల్ కొనకి తొడిగే లోహపు ముక్క, కొత్తది వేసి, బ్రేకర్ మార్చాం. తెల్లవారుజామున నాలుగైంది. అప్పుడు తలుపు లోపల ఒక అట్ట అంటించాను, తేదీ, మూడు ఫేజుల లోడు, మూడు ఫేజుల వేడి, చూసినవాళ్ల సంతకం. ఇప్పుడు ఏటా వినాయక చవితి వెళ్లాక ఒక ఆదివారం పొద్దున ఆయనే ఫోన్ చేస్తారు. నేను చెబుతుంటే వాళ్లమ్మాయి ఆ అట్ట మీద అంకెలు రాస్తుంది. పోయినసారి పసుపు ఫేజుకీ మిగతా వాటికీ తేడా 2 డిగ్రీలు.

సెలవు తీసుకుంటానండీ, నమస్కారం.