డాబా మీద వడియాలు, నెత్తిన డ్రోను

సభకు నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాలంటే పుస్తకాల గురించి మాట్లాడాలి. నిర్వాహకులేమో డ్రోన్ల గురించి మాట్లాడమన్నారు. నేను రాజమండ్రి కోర్టుల్లో నల్లకోటు వేసుకుని తిరిగేవాణ్ణి. డ్రోను ఎలా ఎగురుతుందో ఇక్కడ కూర్చున్న ఇంజనీరింగ్ పిల్లలకి నాకంటే బాగా తెలుసు. అందుకని నాకు తెలిసిన చోట, మా ఇంటి డాబా మీద మొదలుపెడతాను.

పోయిన వేసవిలో మా మేనత్త గుమ్మడి వడియాలు పెట్టుకుంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఎండ ముదిరేలోపు పని తెమిలిపోవాలని చీకటితోనే లేచి పిండి రుబ్బుకుని, డాబా మీద పాత పంచె పరిచి, కుచ్చెళ్ళు పైకి దోపుకుని కూర్చుంది. ఏడున్నర ప్రాంతంలో పైన ఒకటే రొద. తేనెపట్టు గానీ కదిలిందేమోనని తలెత్తి చూస్తే, మా కొబ్బరిచెట్టుకి కాస్త పైన డ్రోను నిలబడి ఉంది. ఎగిరిపోతూ ఉంటే ఆవిడ పట్టించుకునేది కాదు. అది కదలకుండా నిలబడింది. ఆవిడ కుచ్చెళ్ళు కిందికి లాక్కుంది, పమిట సర్దుకుంది, సగం పిండి గిన్నెలోనే వదిలేసి కిందికి దిగొచ్చేసింది. "ఒరేయ్ అబ్బాయ్, ఎవరిదిరా అది? మనింటికేసి చూస్తుందేంటి?" అంది.

వాకబు చేస్తే తేలిందేమిటంటే, మా వెనక వీధి ఖాళీ స్థలంలో పేకాట ఆడుతున్నారని పోలీసులు ఎగరేయించారట. స్టేషన్‌కి వెళ్ళాను. తెలిసిన ఎస్సైయే, కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. "పైనుంచి తీస్తే మీ డాబా కూడా పడుద్ది కదా లాయరు గారూ" అన్నాడు. నిజమే. "ఆ వీడియో ఇప్పుడెక్కడుంది?" అని అడిగాను. "ఆపరేటర్ దగ్గర." ఆపరేటర్ ఎవరయ్యా అంటే, పెళ్ళి వీడియోలు తీసుకునే కుర్రాడు. స్టేషన్ డ్రోను రిపేరుకి వెళ్ళింది, ఆ పూటకి అతన్ని పిలిపించారు. మెమరీ కార్డు అతని దగ్గరే ఉండిపోయింది. ఆ కుర్రాణ్ణి కూడా పట్టుకున్నాను. రెండు పెళ్ళిళ్ళకి అదే కార్డు వాడేశానండీ, పాతది ఉందో పోయిందో చూడలేదు అన్నాడు. అంటే మా అత్తయ్య వడియాలు ఏ ఊరి పెళ్ళి ఆల్బమ్‌ పక్కన ఉన్నాయో నాకు ఈరోజుకీ తెలియదు.

ఎస్సై మీద నాకు కోపం లేదు. ఆయన ఏమీ దాచలేదు. రాసిపెట్టుకోవాలని ఎవరూ చెప్పనిది ఆయన రాసిపెట్టుకోలేదు, అంతే. నా ఫిర్యాదంతా ఆ "ఎవరూ చెప్పకపోవడం" మీదే.

డ్రోన్లే వద్దనడానికి నేను రాలేదు. ఈ ఊళ్ళో నిలబడి ఆ మాట అనలేను కూడా. 2015 జూలై 14, గోదావరి పుష్కరాల మొదటి రోజు, మన పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది పోయారు. జనం ఎక్కడ ఎంత ఒత్తుకుపోతున్నారో పైనుంచి చూసి, వెనక వచ్చేవాళ్ళని ఆపగలిగే కన్ను ఒకటి ఆ ఉదయం పనిచేసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సగం నీళ్ళలో ఉన్నప్పుడు, పడవ కూడా వెళ్ళలేని ఇళ్ళకి అన్నం పొట్లాలు, మందులు డ్రోన్లే మోశాయి. పొలాలకి మందు కొట్టేది, భూముల రీసర్వేకి ఫొటోలు తీసేది కూడా ఇవే. (రీసర్వేలో గట్టు అరగజం జరిగిందని నా దగ్గరికొచ్చే కేసుల సంగతి ఇంకో సభలో చెబుతాను.)

ఇకపోతే మీ అందరి ఫోన్లలోకీ వచ్చే వీడియోలు. తోటలో నలుగురు పేకాడుతుంటారు, పైన రొద వినబడగానే లుంగీలు ఎగ్గట్టుకుని తలో దిక్కూ పరుగు. వెనక సినిమా పాట. నేనూ నవ్వాను. 2020 లాక్‌డౌన్‌లో కేరళ పోలీసులు ఇలాంటి వీడియోకి క్రికెట్ కామెంటరీ తగిలించి పెడితే దేశమంతా నవ్వింది. పేకాట తప్పే. కానీ ఆ పరుగెత్తేవాడిది పట్టుబడాల్సిన నేరమా, ఊరంతా చూసి నవ్వాల్సిన నేరమా? దానికి శిక్ష వేయాల్సింది మేజిస్ట్రేటా, వాట్సాప్ గ్రూపా? పట్టుకోవడానికి తీసిన వీడియో ఫోన్ల వెంట తిరుగుతోందంటే, దాన్ని ఎవరు ఎవరికి ఇచ్చారో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా.

ఇక్కడ మన ఊరి పెద్దమనిషిని ఒకరిని తలుచుకోవాలి. కోకా సుబ్బారావు గారు. 1902లో రాజమండ్రిలో పుట్టారు. ఆంధ్ర హైకోర్టుకి మొదటి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి. ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు కూడా తగ్గించడానికి వీల్లేదన్న గోలక్‌నాథ్ తీర్పుతో ఆయన్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళు చాలామంది. నా లెక్కలో ఆయన అసలు గొప్పతనం అంతకు నాలుగేళ్ళ ముందు, ఓడిపోయిన ఒక తీర్పులో ఉంది.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అని ఒకాయన. 1941లో దోపిడీ కేసులో పట్టుకున్నారు, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన పేర హిస్టరీ షీట్, అంటే కన్నేసి ఉంచాల్సిన మనిషి అని రాసుకునే చిట్టా, తెరిచారు. అప్పటినుంచి రాత్రుళ్ళు చౌకీదారు వచ్చి తలుపు కొట్టడం, నిద్ర లేపి ఇంట్లో ఉన్నాడో లేడో చూసుకోవడం, పొరుగూరు వెళ్ళాలన్నా చెప్పి వెళ్ళాల్సి రావడం. అక్కడి పోలీసు నిబంధనల్లో 236వది దీనికి ఆధారం. ఇంటి దగ్గర రహస్యంగా కాపు కాయడం, రాత్రిపూట ఇంటికి రావడం, రాకపోకలు రాసి పంపడం, ఇలా వరసగా ఉంటాయి అందులో. 1962 డిసెంబరులో ఆరుగురు జడ్జీల సుప్రీంకోర్టు బెంచి తీర్పు చెప్పింది. నలుగురు, రాత్రిపూట తలుపు కొట్టడం మాత్రం తప్పు, మిగతావి చేసుకోవచ్చు, ప్రైవసీ అనేది రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదు అన్నారు. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఆయనతో కలిశారు.

ఆ విడి తీర్పులో ఆయన రాసిన వాదన ఎంత సూటిగా ఉంటుందంటే, నేను దాన్ని కుర్ర లాయర్లకి చదివి వినిపిస్తుంటాను. కాళ్ళకి సంకెళ్ళు లేవు కాబట్టి మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టేనా అని అడుగుతారాయన. తిరగగలడు, కానీ ప్రతి కదలికనీ ఒకరు చూస్తున్నారని, రాసుకుంటున్నారని తెలిశాక తనకి ఇష్టమైనట్టు తిరగలేడు, లోపల ఏదో బిగుసుకుపోతుంది అంటారు. అలాంటివాడికి దేశమంతా జైలే అని కూడా అన్నారు. మా అత్తయ్య కుచ్చెళ్ళు కిందికి లాక్కున్నదే, అదీ ఆ బిగుసుకుపోవడం. ఆవిడ ఏ తప్పూ చెయ్యలేదు, ఎవరూ ఆవిడని ముట్టుకోలేదు, ఒక్క మాట అనలేదు. అయినా సగం వడియాలు పెట్టలేదు.

ఓడిపోయిన ఆ మాట గెలవడానికి యాభై అయిదేళ్ళు పట్టింది. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన పుట్టస్వామి గారు ఆధార్ మీద వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కే అన్నారు. సుబ్బారావు గారి వైపే న్యాయం ఉందని కూడా ఆ తీర్పులో రాశారు. అప్పటినుంచి ప్రభుత్వం మన ప్రైవసీలో చెయ్యి పెట్టాలంటే దానికో చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి ఎంత అవసరమో అంతే చెయ్యాలి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కుదరదు.

మరి డ్రోన్ల చట్టం ఏమంటోంది? సరిగ్గా నాలుగేళ్ళ ఒక్క రోజు తర్వాత, 2021 ఆగస్టు 25న, డ్రోన్ రూల్స్ వచ్చాయి. బరువుని బట్టి రకాలు, ఎర్ర, పసుపు, ఆకుపచ్చ జోన్లు (మామూలుగా ఎగరకూడనివి, అనుమతి తీసుకుని ఎగరాల్సినవి, అడగకుండా ఎగరగలిగేవి), లైసెన్సు ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు, అన్నీ ఉన్నాయి. వ్యాపారం చేసుకునేవాళ్ళకి సులువుగా ఉండేలా రాశారు, అది మంచిదే. కానీ అదే ఏడాది మార్చిలో వచ్చిన పాత నిబంధనల్లో, మనుషుల ప్రైవసీకి భంగం లేకుండా చూసుకున్నాకే బొమ్మలు తీయాలి అనే మాట ఒకటి ఉండేది. ఆగస్టు నిబంధనల్లో ఆ మాట లేదు. ఇంకోటి చూడండి. ఎస్పీ స్థాయి అధికారి ఏ ప్రాంతాన్నైనా 96 గంటలపాటు తాత్కాలిక రెడ్ జోన్ అని ప్రకటించవచ్చు. అంటే మన డ్రోన్లు అక్కడ ఎగరకూడదు. మనం పోలీసుల్ని తీయకుండా ఆపడానికి గంటల లెక్కతో సహా నియమం ఉంది. పోలీసులు మనల్ని తీస్తే ఎన్ని గంటలు, ఆ వీడియో ఎన్ని రోజులు అన్నదానికి లెక్క లేదు.

2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది కదా అంటారు. దాని 17వ సెక్షన్ చదవండి. దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో తనకి కావలసిన ప్రభుత్వ సంస్థల్ని ఆ చట్టం నుంచి మినహాయించే వీలు కేంద్రమే పెట్టుకుంది. గొడుగు ఇచ్చి వానలో తెరవొద్దన్నట్టుంది.

ఈ తగువు మనకొక్కళ్ళకే వచ్చింది కాదు. అమెరికాలో 1989లో ఫ్లోరిడా కేసు ఒకటి ఉంది. ఒకాయన పెరట్లో మొక్కల షెడ్డు, పైకప్పు రేకులు రెండు ఊడిపోయాయి. పోలీసులు హెలికాప్టర్‌లో 400 అడుగుల ఎత్తునుంచి ఆ సందులోకి తొంగిచూసి గంజాయి మొక్కలు కనిపెట్టారు. ఆ ఎత్తులో ఎవరైనా ఎగరొచ్చు కాబట్టి ఇది సోదా కిందికి రాదు, వారెంటు అక్కర్లేదు అంది సుప్రీంకోర్టు. మన ఆకుపచ్చ జోన్‌లో డ్రోనుకి అనుమతి ఎంత ఎత్తు వరకో తెలుసా? అదీ 400 అడుగులే. కాకతాళీయమే, అయినా చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది.

దానికి విరుగుడు లాంటి తీర్పు అదే అమెరికాలోని బాల్టిమోర్ నుంచి వచ్చింది. 2020లో ఆ ఊరి పోలీసులు ఒక ప్రైవేటు కంపెనీ విమానాల్ని ఆర్నెల్లపాటు నగరం మీద తిప్పారు. డ్రోన్లు కావు, చిన్న విమానాలు. పగలంతా, సెకనుకో ఫొటో, దాదాపు ఊరు మొత్తం పడేలా. ఆ ఫొటోల్లో మనిషి ముఖం కనబడదు, ఒక చుక్క అంతే. పోలీసుల వాదన కూడా అదే: చుక్కకి ప్రైవసీ ఏమిటి? 2021 జూన్‌లో అప్పీలు కోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఏడుగురు ఒకవైపుగా చీలి, కాదంది. ఆ చుక్క సాయంత్రం ఏ గుమ్మంలోకి వెళ్ళిందో, పొద్దున్నే ఏ గుమ్మంలోంచి వచ్చిందో చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది. ఆ ఫొటోలు దాచిపెట్టుకుని వెనక్కి తిప్పి చూడగలగడమే అసలు సంగతి అంది. ఈ తీర్పు చదివాకే నేను స్టేషన్‌లో "ఎందుకు ఎగరేశారు" అని కాకుండా "ఆ వీడియో ఎక్కడుంది" అని అడిగాను.

ఖరక్ సింగ్‌కి హిస్టరీ షీట్ అయినా ఉంది. దానిమీద పేరుంది, తెరిచిన తేదీ ఉంది, ఆ కాగితం చూపించే ఆయన కోర్టుకి వెళ్ళగలిగాడు. డ్రోను వీధి మొత్తానికి షీటు తెరుస్తుంది, దాని మీద పేరుండదు, తేదీ ఉండదు. ఏం పట్టుకుని కోర్టుకి వెళ్ళాలి?

కాగితం లేనప్పుడు జనం ఏం చేస్తారో 2024 ఫిబ్రవరిలో చూశాం. పంజాబ్, హర్యానా మధ్య శంభు దగ్గర రైతులు ఢిల్లీ వెళ్తామని బయల్దేరితే, హర్యానా పోలీసులు డ్రోన్లతో పైనుంచి బాష్పవాయువు గుళ్ళు వదిలారు. చూడడానికి మొదలైన డ్రోను కొట్టడం దాకా ఎంత త్వరగా వచ్చిందో గమనించండి. రైతులు గాలిపటాలు తెచ్చి ఎగరేశారు, దారాలు డ్రోను రెక్కలకి చుట్టుకుంటాయని. సంక్రాంతికి పటాలు ఎగరేసే చేతులున్న ఊరు కాబట్టి మీకు ఆ సంగతి ఇట్టే అర్థమవుతుంది. చట్టరీత్యా నేను ఆ పని చెయ్యమని చెప్పను. వకీలుని కదా.

నేను చెయ్యగలిగింది సమాచార హక్కు దరఖాస్తు. మా అత్తయ్య పేరునే పెట్టాను. ఫలానా తేదీన ఎగరేసిన డ్రోనుకి ఆదేశం ఇచ్చినదెవరు, నడిపినదెవరు, వీడియో ఎవరి దగ్గరుంది, ఎన్నాళ్ళు ఉంచుతారు, ఎప్పుడు చెరిపేస్తారు, దీనికంతటికీ రిజిస్టరు ఉందా? ముప్ఫై రోజుల గడువులో ఇరవై తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. దర్యాప్తుకి ఆటంకం కాబట్టి ఇవ్వలేం, 8వ సెక్షన్ ప్రకారం. చివరి ప్రశ్నకి మాత్రం, అలాంటి రిజిస్టరు నిర్వహించబడుట లేదు అని రాశారు. రిజిస్టరే లేనప్పుడు దర్యాప్తుకి ఆటంకమయ్యేది ఏమిటని అప్పీలుకి వెళ్ళాను. విచారణ ఇంకా ఉంది.

అత్తయ్యకి ఆ జవాబు చదివి వినిపించాను. "పాలవాడు కూడా గోడ మీద గీతలు గీసి లెక్క పెడతాడు కదరా" అంది.

2027లో మళ్ళీ పుష్కరాలు. ఆకాశం నిండా డ్రోన్లుంటాయి, ఉండాలి కూడా. స్నానఘట్టాల మీద, ఆడవాళ్ళు తడిబట్టలతో ఒడ్డుకెక్కే మెట్ల మీద తీసిన ఆ వీడియో ఎవరి కార్డులో ఉంటుందో ఇప్పుడే అడిగి పెట్టుకోవాలి, ఘాట్లు నిండాక అడిగితే వినేవాడుండడు. మా అత్తయ్య దరఖాస్తు నకళ్ళు ఓ యాభై తెచ్చి బయట వార్తాపత్రికల బల్ల మీద పెట్టాను. పేరు, తేదీ, ఆఫీసు ఉన్నచోట ఖాళీలు వదిలాను. జిల్లా ఆఫీసుకైతే పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అతికించాలి, మండల స్థాయికి ఐదు చాలు. స్టాంపులు మాత్రం మీరే కొనుక్కోండి.