ఫిలడెల్ఫియాలో లిబర్టీ బెల్ ఒక్కటే చూసి రాకండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, సంఘం వాళ్లకి, పొద్దున్నుంచి వెనక వడ్డన దగ్గర నిలబడ్డ పిల్లలకి కృతజ్ఞతలు. ఈ వేసవికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి, చరిత్ర, కళలు తెలియాలంటే అమెరికాలో ఏ ఊళ్లు చూడాలో చెప్పమన్నారు. చెబుతాను. ముందు ఒక్క మాట.

"ఈ దేశానికి చరిత్ర ఎక్కడిదండీ, 250 ఏళ్లేగా" అని మనవాళ్లు అంటుంటే నాకు కష్టంగా ఉంటుంది. ఫ్లోరిడాలో సెయింట్ అగస్టీన్ అనే ఊరిని స్పెయిన్ వాళ్లు కట్టుకున్నది 1565లో, మన చార్మినార్ కట్టింది 1591లో. న్యూ మెక్సికోలో టావోస్ దగ్గర మూలవాసుల మట్టి ఇళ్లు తెల్లవాళ్లు రాకముందు నుంచీ ఉన్నాయి, వాటిలో ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్నారు. చరిత్రకి లోటు లేదు. మనమే నయాగరా, టైమ్స్ స్క్వేర్, లాస్ వేగాస్ తిప్పి పెద్దవాళ్లని విమానం ఎక్కించేస్తున్నాం.

సరే, ఊళ్ల సంగతికి వద్దాం. మొదటిసారి చూసేవాళ్లకి బోస్టన్ సుళువు. నేల మీద ఎర్రటి గీత ఉంటుంది, దాన్ని పట్టుకుని రెండున్నర మైళ్లు నడిస్తే వాళ్ల స్వాతంత్ర్య పోరాటంలోని ముఖ్యమైన చోట్లు చాలావరకు కనిపిస్తాయి. 1773లో బ్రిటన్ పన్ను మీద కోపంతో ఆ ఊరివాళ్లు రేవులో నీళ్లలో పారబోసిన టీ ఈస్ట్ ఇండియా కంపెనీది, మనల్ని ఏలిన ఆ కంపెనీదే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు కండరాలకి శక్తి ఎలా అందుతుందో కనిపెట్టిన పరిశోధన కూడా అక్కడే, హార్వర్డ్ మెడికల్ స్కూల్లో జరిగింది. ఆ ఎర్ర గీత ఆయన దగ్గరికి తీసుకెళ్లదు, పిల్లలకి మనమే చెప్పుకోవాలి. చికాగో వెళ్తే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ చూడండి, 1893లో వివేకానందుడు మాట్లాడింది ఆ భవనంలోనే. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆయన మన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో, పశ్చిమ దేశాలకి ఎందుకు వెళ్తున్నానో చెబుతూ ప్రసంగించారు.

పాట ఇష్టమైనవాళ్లు న్యూ ఆర్లీన్స్ వెళ్లండి. ఆ ఊరు ఫ్రెంచి వాళ్లు 1718లో మొదలుపెట్టింది, తర్వాత స్పెయిన్ చేతికి పోయింది, 1803లో అమెరికా కొనుక్కుంది. అక్కడ కాంగో స్క్వేర్ అనే మైదానం ఉంది. బానిసలుగా ఉన్న ఆఫ్రికా వాళ్లు ఆదివారాలు అక్కడ చేరి డప్పులు వాయించి, ఆడి, పాడుకునేవాళ్లు. ఆ ఊళ్లో పుట్టిన జాజ్ సంగీతం మూలాలు ఆ డప్పుల దాకా వెళ్తాయి.

కానీ నన్ను ఒక్క ఊరే చెప్పమంటే ఫిలడెల్ఫియా అంటాను. స్వాతంత్ర్య ప్రకటన 1776లో, రాజ్యాంగం 1787లో, రెండూ ఇండిపెండెన్స్ హాల్ అనే ఒకే హాల్లో తయారయ్యాయి. మన టూర్ బస్సులు ఆ ఊరికి ఓ ముప్పావు గంట ఇస్తాయి. స్వాతంత్ర్యానికి గుర్తుగా ఉంచిన లిబర్టీ బెల్ అనే పాత గంట ముందు ఫొటో దిగి, ఎక్కండి ఎక్కండి అంటారు. ఆ గంట ఉన్న భవనం పక్కనే జార్జ్ వాషింగ్టన్ ప్రెసిడెంట్‌గా ఉన్నప్పటి ఇంటి స్థలం ఉంది, టికెట్ కూడా అక్కర్లేదు, అయినా అటు తొంగి చూసేవాళ్లు లేరు. ఆ ఇంట్లో ఆయన ఉంచుకున్న 9 మంది బానిసల పేర్లు అక్కడ రాతి మీద చెక్కారు.

అందులో ఓనా జడ్జ్ పేరు చూడండి. వాషింగ్టన్ భార్యకి జడలు వేసి, బట్టలు సర్దే అమ్మాయి. ఆ ఊరున్న పెన్సిల్వేనియా రాష్ట్ర చట్టం ప్రకారం బయటివాళ్లు తెచ్చిన బానిస ఆరు నెలలు అక్కడ ఉంటే విడుదల కోరవచ్చు. అందుకని ఆరు నెలలు నిండకముందే వాళ్లని రాష్ట్రం దాటించి మళ్లీ వెనక్కి తెచ్చేవారు. దేశానికి తొలి ప్రెసిడెంట్ ఇంట్లో జరిగిన పని ఇది! ఆమెని మనవరాలికి కానుకగా ఇచ్చేస్తారని తెలిసింది. 1796 మే నెలలో ఇంటివాళ్లు భోజనం చేస్తుండగా ఓనా బయటికి నడిచి వెళ్లిపోయింది. ఓడెక్కి న్యూ హాంప్‌షైర్ చేరింది. వాషింగ్టన్ మనుషుల్ని పంపించాడు, రానంటే రానంది. పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కంది, చదవడం నేర్చుకుంది, పేదరికంలోనే 1848లో చనిపోయింది. ముసలితనంలో ఎవరో వచ్చి అడిగితే, పారిపోయినందుకు విచారం లేదని చెప్పింది. చట్టం లెక్కలో మాత్రం చనిపోయేనాటికి కూడా ఆమె పారిపోయిన బానిసే.

టైమ్ అయిందని సైగ చేస్తున్నారు, రెండు నిమిషాలు ఓర్చుకోండి. అమ్మా, ముందు వరసలో కూర్చున్న పెద్దలూ, మిమ్మల్నే అడుగుతున్నాను. స్వాతంత్ర్యం రాసుకున్న హాలు, బానిసత్వం నుంచి పారిపోవాల్సి వచ్చిన అమ్మాయి ఉన్న ఇంటి స్థలం, రెండూ కూతవేటు దూరంలో ఉన్న ఊరు ఇంకెక్కడ దొరుకుతుంది? న్యూయార్క్‌లో అయితే ఓనా లాంటి ఆఫ్రికా బానిసల సమాధులు భూమి కింద ఉండిపోయాయి. 1991లో ప్రభుత్వ ఆఫీసుకి పునాదులు తవ్వుతుంటే బయటపడ్డాయి. ఇప్పుడక్కడ స్మారకం కట్టారు, మన్‌హాటన్ వెళ్లినప్పుడు అదీ చూడండి.

అన్నట్టు ఫిలడెల్ఫియా మ్యూజియంలో మదురై మదనగోపాల స్వామి గుడి మండపం స్తంభాలు నిలబెట్టి ఉన్నాయి. 1912లో ఒక అమెరికన్ ఆవిడ మదురైలో కొని తెచ్చుకున్నవి. వాటి ముందు పెద్దవాళ్లు కాసేపు కూర్చోవచ్చు.

మనం ఉండే న్యూజెర్సీ ఎడిసన్ నుంచి ఫిలడెల్ఫియా ఎంతో దూరం లేదు. వచ్చే నెల ఒక శనివారం మనమే బస్సు మాట్లాడుకుందాం, రోజంతా అక్కడే ఉందాం. ఇండిపెండెన్స్ హాల్‌కి ముందుగా టైమ్ బుక్ చేసుకోవాలి, కాబట్టి భోజనాలకి వెళ్లేలోపే బయట టేబుల్ దగ్గర పేర్లు రాయించండి.