కుండీలో ఒక్క మొక్కే కదా అన్నా?

(తెర మీద: బాల్కనీ, ఊదా రంగు వెలుతురు, వెనక వరసగా కుండీలు)

నమస్కారం. ఇవాళ టమాటా నారు గురించి చెప్తానని పోయిన వారం మాటిచ్చాను. ఆ వీడియో వాయిదా. ఏం చేయను, గ్రో లైట్ల మీద, అంటే ఎండ తగలని చోట మొక్కలు పెంచే లైట్ల మీద, వీడియో పెట్టినప్పటి నుంచి కింద ఒకటే ప్రశ్న. "అన్నా, ఇదే లైటు కింద ఆ మొక్క వస్తుందా?" ఆ మొక్క అంటే గంజాయి. పేరు రాయరు, పక్కన ఒక ఆకు బొమ్మ పెడతారు. ఒకాయన ఇంకా ధైర్యవంతుడు. "అమ్మడానికి కాదన్నా, ఇంట్లో ఒక్క కుండీ. కేజీ లోపు అయితే చిన్న కేసే కదా" అన్నాడు. ఆ కామెంటుకి వచ్చిన లైకులు నా వీడియోకి రాలేదు.

ఆ లైకులు చూసే కెమెరా ముందు కూర్చున్నా. ఎలా పెంచాలో చెప్పను. ఆ ఒక్క కుండీ లెక్క ఎక్కడ తప్పిందో చెప్తా.

ఆ కేజీ ఊరికే పుట్టిన మాట కాదు. 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తు పదార్థాల చట్టం కింద గంజాయికి తూకాలున్నాయి. కేజీ వరకు చిన్న పరిమాణం. ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కేజీలు దాటితే వాణిజ్య పరిమాణం, పదేళ్లకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల దాకా. మధ్యలో పడితే పదేళ్ల దాకా. మనవాళ్లు ఈ మొదటి మెట్టు చదివి అక్కడే ఆగిపోయారు.

ఆ తక్కెడ గంజాయికి. మొక్కకి కాదు.

మామిడి చెట్టు అనుకోండి. ఒక ఊళ్లో మామిడి మీద చట్టం పెట్టారు. ఇంట్లో ఆవకాయ జాడీ దొరికితే ఎంత ఆవకాయో తూకం వేస్తారు, ఆ తూకాన్ని బట్టి శిక్ష. అదే పెరట్లో మామిడి చెట్టు దొరికిందనుకోండి. "ఇంకా పూతే రాలేదు సార్, ఆవకాయ ఎక్కడి నుంచి వస్తుంది" అంటే నడవదు. చెట్టు నాటడం విడిగా ఒక నేరం. దానికి తక్కెడ తేరు. నాటావా, నాటలేదా? అంతే.

(తెర మీద: కుండీలో జానెడు మొక్క, పక్కన తక్కెడ. తక్కెడ మీద అడ్డగీత)

సెక్షన్ 8 గంజాయి మొక్క సాగు చేయకూడదంటుంది. సెక్షన్ 20లో మొదటి ముక్కే సాగుకి శిక్ష: పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. "దాకా" అన్నాను, గమనించండి. పట్టుబడిన ప్రతివాడికీ పదేళ్లు పడతాయని కాదు. కాని "ఒక్క మొక్కే కాబట్టి ఏడాదే" అనే మెట్టు అక్కడ లేదు. అంటే విచిత్రం చూడండి, అరకేజీ సంచితో దొరికినవాడి శిక్షకి పైహద్దు ఏడాది. కుండీలో నాలుగాకులు వేసిన మొక్కతో దొరికినవాడికి పదేళ్లు. ఈ తేడా సబబేనా అని అడిగితే నేనూ మీ పక్కనే కూర్చుని వాదిస్తా. కాని ఆ వాదన మన కుండీ దగ్గర కాదు, పార్లమెంటులో జరగాలి.

ఇప్పుడు రెండో తెలివి. "గంజాయి ఆకు నూరి చేసే భంగు తప్పు కాదట, కాశీలో షాపులే ఉన్నాయట. నేను ఆకు కోసమే పెంచుతా." మళ్లీ మామిడి దగ్గరికే వెళ్దాం. చట్టం దృష్టిలో గంజాయి అంటే ఆ మొక్క చివర్లలో వచ్చే పూత, పిందె. మామిడి కాయ అనుకోండి. చరస్ అంటే దాని జిగురు. కాయ కోసినప్పుడు తొడిమ దగ్గర చేతిని కాల్చే సొన ఉంటుంది చూడండి, అదన్నమాట. ఆకులు, గింజలు పూత లేకుండా విడిగా ఉంటే గంజాయి నిర్వచనంలోకి రావు. మత్తు ఎక్కువగా ఉండేది కూడా పూత మీద ఉండే సన్నని జిగురు నూగులోనే, ఆకులో తక్కువ. అందుకే భంగు సంగతి రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలకి వదిలేశారు. ఉత్తరాదిలో లైసెన్సు షాపులు అలా వచ్చినవే.

బాగుంది. కాని తోరణానికి నాలుగు మామిడాకులు కావాలన్నా ముందు చెట్టు ఉండాలి కదా! మొక్కకి చట్టంలో ఇంకో నిర్వచనం ఉంది: ఆ జాతి మొక్క ఏదైనా సరే. ఆడదా, మగదా, పూసిందా, మత్తు ఎంత ఉంది, ఏమీ అడగదు.

విదేశీ వీడియోల సంగతి కూడా చెప్పాలి. కెనడాలో 2018 అక్టోబర్ నుంచి చాలాచోట్ల ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లకి మూడు. ఆ వీడియోలో టెంటు కట్టి చూపించేవాడు అబద్ధం చెప్పట్లేదు. వాడి ఊళ్లో అది నిజం. మనం ఆ వీడియో నిజాంపేటలో కూర్చుని చూస్తున్నాం, తేడా అంతే.

నాకు ఇదంతా ఎలా తెలిసిందని కదా? భయంతో చదివాను.

(తెర మీద: గోగు మొక్క ఆకు, దగ్గరగా)

గతేడాది మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఫోటో పడింది. రాత్రి పదింటికి మా బాల్కనీ, ఊదా వెలుగు, అందులో వేళ్లు చాచినట్టున్న ఆకు. కింద మెసేజ్: "ఇది అదేనా?" పావుగంటలో సెక్రటరీ గారు, వెనక వాచ్‌మన్, తలుపు దగ్గర. నా తప్పేంటో నాకే తెలియదు, చెమటలు పట్టేశాయి. ఆ మొక్క గోగు! మన గోగునార గోగు. భీమిలి జనపనార అని ఒకప్పుడు ఓడలకెక్కింది ఇదే. దాని శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. పేరు పెట్టినవాళ్లకే గంజాయి ఆకులా కనిపించింది, ఇక మా సెక్రటరీ గారిని ఏమనగలం?

తేడా చెప్తా, రేపు మీకూ పనికొస్తుంది. గోగుది ఒకే ఆకు, లోపలిదాకా చీలి ఉంటుంది. గంజాయిది విడివిడి చిన్నాకులు ఒక కాడకి అతికినట్టు, అంచులు రంపంలా. గోగు కాండం మీద చిన్న ముళ్లు తగులుతాయి, పువ్వు లేత పసుపు, మధ్యలో ముదురు ఎరుపు. అన్నిటికంటే తేలిక, ఆకు నమిలితే పులుపు. ఆ రాత్రి సెక్రటరీ గారి ముందు నేను చేసింది అదే. ఒకాకు తెంపి నమిలాను. ఆయన నన్నే చూస్తూ నిలబడ్డారు, పడిపోతానేమో అన్నట్టు.

కెమెరా బ్యాటరీ ఎర్రగా మెరుస్తోంది, మిగతావి గబగబా. గ్రో లైటు కొనడం నేరం కాదు, కొత్తిమీర వేసుకోండి. అద్దె ఇల్లయితే ఇంకో చిక్కు: ఇంట్లో ఈ పని జరుగుతోందని తెలిసీ ఊరుకుంటే సెక్షన్ 25 ఓనర్ మీదికి కూడా వస్తుంది. ఆన్‌లైన్లో దొరికే హెంప్ గింజలకి, అంటే గంజాయి జాతి మొక్క గింజలకే, 2021లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతి ఇచ్చింది, తినడానికి. నాటడానికి కాదు. "మరి ఉత్తరాఖండ్‌లో పండిస్తున్నారుగా?" పండిస్తారు. నారకి, గింజకి రాష్ట్రం లైసెన్సు ఇవ్వొచ్చని సెక్షన్ 14 ఉంది. అక్కడ మత్తు పదార్థం 0.3 శాతం దాటకూడదు. అది పొలానికి, లైసెన్సుకి. బాల్కనీకి, సరదాకి కాదు.

"తులసివనంలో గంజాయి మొక్క" అని తిట్టే సామెత ఉంది కదా. నా కామెంట్లలో వనమంతా ఒకటే రకం, తులసి అడిగినవాడు ఒక్కడూ లేడు.

టమాటా నారు వచ్చే వారం, ఈసారి ఖాయం. అన్నట్టు, సెక్రటరీ గారు నిన్న మళ్లీ వచ్చారు. ఈసారి వాచ్‌మన్ లేడు, చేతిలో గిన్నె ఉంది. పప్పులోకి రెండు గుప్పెళ్ల గోగాకు కావాలట.