మందుల డబ్బా ఎవరి చేతిలో ఉండాలి?

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ఇళ్లలో 13 నుంచి 19 ఏళ్ల మధ్య వయసు బిడ్డ క్యాన్సర్ చికిత్సలో ఉంది. ధైర్యం చెప్పేవాళ్లు మీకు ఇప్పటికే చాలామంది దొరికి ఉంటారు. ఈ పూట ఇంట్లో రోజూ జరగాల్సిన పనుల గురించి, అవి ఎక్కడ తప్పుతాయో దాని గురించి మాట్లాడుకుందాం.

ఐదేళ్ల పిల్లకు మందు అమ్మానాన్నలే మింగిస్తారు. పెద్దవాళ్లు తమ మందు తామే వేసుకుంటారు. టీనేజీ బిడ్డ ఉన్న ఇంట్లో మాత్రం "పెద్దవాడయ్యాడు, వాడే వేసుకుంటాడులే" అని తల్లిదండ్రులు అనుకుంటారు, "అమ్మ గుర్తుచేస్తుందిలే" అని వాడు అనుకుంటాడు. మోతాదులు తప్పేది ఆ సందులోనే.

అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌నే తీసుకోండి. చికిత్స మొత్తం రెండు మూడేళ్లు సాగుతుంది. గట్టి కీమో అంతా అయ్యాక, జబ్బు తిరగబెట్టకుండా మందులు కొనసాగించే మెయింటెనెన్స్ దశ వస్తుంది. రోజూ మెర్కాప్టోప్యూరిన్ మాత్ర, వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్. అప్పటికి జుట్టు మళ్లీ వచ్చి ఉంటుంది, బిడ్డ బడికి వెళ్తుంటుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సరిగ్గా అప్పుడే మాత్రలు తప్పడం మొదలవుతుంది. రాసిన మెర్కాప్టోప్యూరిన్‌లో 95 శాతం కన్నా తక్కువ వేసుకున్న పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరిగిందని పరిశోధనల్లో తేలింది. 30 రోజుల్లో రెండు మోతాదులు తప్పితే చాలు, ఆ గీత దాటి కిందికి వచ్చేసినట్టే.

అందుకని ఏడు అరల డబ్బా ఒకటి కొనండి. వారానికోసారి బిడ్డే అందులో మాత్రలు సర్దాలి, పక్కన ఒక పెద్దమనిషి కూర్చుని చీటీతో సరిచూడాలి. రోజూ ఒకే వేళకి బిడ్డ తన చేత్తో వేసుకోవాలి, మీరు కళ్లారా చూడాలి. "వేసుకున్నావా?" అని గుమ్మంలోంచి అడిగితే "ఊఁ" అనే జవాబే వస్తుంది. అది అబద్ధమని కాదు, నిన్న వేసుకున్నది ఈరోజు వేసుకున్నట్టు అనిపిస్తుంది. ఒక మోతాదు తప్పితే మర్నాడు రెండు కలిపి వేయకండి, ఆసుపత్రికి ఫోన్ చేసి అడగండి. మెథోట్రెక్సేట్ వారంలో ఏ రోజు వేయాలో డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయండి. వారానికోసారి వేయాల్సినది పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఈ మాత్రలు విరగ్గొట్టకండి, పొడి చేయకండి. ముట్టుకునే పెద్దవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె వాటి జోలికి వెళ్లకూడదు.

ఇదంతా సాగాలంటే బిడ్డకు తన జబ్బు పేరు తెలిసి ఉండాలి. దాచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దాచగలమనుకోవడం భ్రమ. మందు పేరు ఫోన్‌లో కొడితే అర నిమిషంలో అంతా బయటపడుతుంది, ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటా నమ్మదు. జబ్బు పేరు, చికిత్స ఎన్నాళ్లో, ఏమేం ఇబ్బందులు వస్తాయో డాక్టరు నోటి నుంచే వినిపించండి. ప్రతి విజిట్‌లో పది నిమిషాలు బిడ్డను డాక్టరుతో ఒంటరిగా వదిలి మీరు బయట కూర్చోండి. మీ ముందు అడగలేనివి చాలా ఉంటాయి.

అందులో ఒకటి మొదటి కీమోకు ముందే తేలాలి. కొన్ని మందులు, రేడియేషన్ తర్వాత పిల్లలు పుట్టే అవకాశం తగ్గవచ్చు. యుక్తవయసుకొచ్చిన అబ్బాయిలకు వీర్యం భద్రపరచడం చాలావరకు రోజుల్లో అయిపోతుంది. అమ్మాయిలకు అండాలు భద్రపరచాలంటే సుమారు రెండు వారాలు పడుతుంది, అంత వ్యవధి ఒక్కోసారి ఉండదు. ఉన్నా లేకపోయినా అడగడం మాత్రం మానొద్దు. ఆ మాట జరిగేటప్పుడు సిగ్గుపడేది ఎక్కువగా మనమే, బిడ్డ కాదు.

ఇక జ్వరం. మిగతావి మరిచిపోయినా దీన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి. కీమో ఇచ్చిన 7 నుంచి 14 రోజుల మధ్య న్యూట్రోఫిల్ కౌంట్లు, అంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాల సంఖ్య, బాగా పడిపోతాయి. 500 కన్నా తగ్గాయంటే ఇన్ఫెక్షన్ ఉన్నచోట చీము పట్టదు, ఎరుపు కూడా సరిగా కనబడదు. చీము పట్టించే కణాలే లేవు కదా! బయటికి కనబడేది తరచుగా జ్వరం ఒక్కటే. ఒక్కసారి 101 ఫారెన్‌హీట్ తాకినా, 100.4 గంటసేపు నిలిచినా, వేళకాని వేళైనా సరే బయలుదేరాలి. మీ ఆసుపత్రి ఇంకా తక్కువ అంకె చెప్పి ఉంటే అదే పాటించండి. ముందు పారాసిటమాల్ వేసి చూద్దామనుకోకండి. జ్వరం దిగుతుంది, ఇన్ఫెక్షన్ లోపల పెరుగుతూనే ఉంటుంది. స్టెరాయిడ్ వాడే రోజుల్లో జ్వరం రాకుండానే ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, బిడ్డ నీరసంగా, మగతగా ఉంటే అదీ జ్వరంతో సమానమే. మందు ఎక్కించడానికి ఒంట్లో అమర్చిన గొట్టంలోకి, అంటే పోర్టులోకో పిక్ లైన్‌లోకో, మందు ఎక్కించిన కాసేపటికి చలి వణుకు వస్తే లైనులోనే ఇన్ఫెక్షన్ ఉందని అనుమానించాలి. అత్యవసర విభాగంలో అడుగుపెట్టగానే చెప్పాల్సిన మొదటి మాట: "కీమో జరుగుతోంది, జ్వరం వచ్చింది." చేరిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. వరుసలో కూర్చుని వేచి చూడాల్సిన జ్వరం కాదు ఇది. మందుల చీటీ, చివరి కీమో తేదీ, థర్మామీటరు, ఫోన్ చార్జరు ఒక సంచిలో ఎప్పుడూ తలుపు పక్కనే ఉండాలి.

చిన్నవిగా కనబడి పెద్దవయ్యేవి కొన్ని ఉన్నాయి. విన్‌క్రిస్టీన్ అనే కీమో మందు వల్ల మలబద్ధకం వస్తుంది, వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ దాన్ని పెంచుతుంది. మూడు రోజులు ఆగకుండా మొదటి రోజే డాక్టరును మందు అడగండి, ఎనిమా మాత్రం సొంతంగా ఇవ్వకండి. అదే విన్‌క్రిస్టీన్‌తో పాదం జారవిడిచినట్టై మెట్లెక్కేటప్పుడు తట్టుకుంటుంటే చెప్పండి, వ్యాయామంతో, మోతాదు మార్పుతో సర్దుతారు. నోరు పుండుపడితే లీటరు గోరువెచ్చని నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించాలి. డాక్సోరూబిసిన్ అనే కీమో మందు ఎక్కించాక మూత్రం ఎర్రగా రావచ్చు, అది మందు రంగు, రక్తం కాదు. ముందే చెప్పకపోతే బిడ్డ ఒక్కర్తే బాత్రూములో హడలిపోతుంది.

స్టెరాయిడ్ వాడే వారాల్లో చెంపలు ఉబ్బుతాయి, అర్ధరాత్రి ఆకలి, చిన్నమాటకే అరుపులు, ఏడుపు. అది పెంపకం లోపం కాదు, మందు ప్రభావం. డాక్టరును అడిగి ఉదయం పూట ఇస్తే నిద్ర కొంత మెరుగుపడుతుంది. తుంటి, మోకాలు నొప్పి అంటే బద్ధకమని కొట్టిపారేయకండి. స్టెరాయిడ్ వల్ల ఎముకకు రక్తం అందక దెబ్బతినే ప్రమాదం ఈ వయసులో చిన్నపిల్లల కన్నా ఎక్కువ.

తోబుట్టువులకు కూడా నిజం చెప్పండి. ఇంట్లో ఒక్కరి గురించే మాట నడుస్తుంటే, తన దగ్గర్నుంచే జబ్బు వచ్చిందేమోనని నలిగిపోయే పిల్లలుంటారు. ఇంట్లో అందరూ ఫ్లూ టీకా వేయించుకోండి. బడిలో ఎవరికైనా ఆటలమ్మ వస్తే అదే రోజు కబురు చేయమని టీచరుకు చెప్పి ఉంచండి, రక్షణ మందు త్వరగా ఇస్తేనే పనిచేస్తుంది. స్నేహితులతో ఫోన్‌లో గంటలు గడిపితే గడపనివ్వండి. ఆసుపత్రి గోడల మధ్య ఆ వయసుకు మిగిలిన బడి అదొక్కటే.

చికిత్స ముగిసిన రోజు ఆసుపత్రి నుంచి ఒక సారాంశ పత్రం అడిగి తీసుకోండి. జబ్బు పేరు, వాడిన ప్రతి మందు, డాక్సోరూబిసిన్ మొత్తం ఎంత ఇచ్చారు, రేడియేషన్ ఏ భాగానికి ఎంత పడింది, ఇవన్నీ అందులో ఉండాలి. డాక్సోరూబిసిన్ గుండె మీద ప్రభావం చూపవచ్చు కాబట్టి, గుండెకు ఎకో పరీక్ష ఎన్నేళ్లకోసారి చేయించాలో ఆ అంకెల్ని బట్టే చెబుతారు. ఆ కాగితం ఒక ప్రతి మీ బీరువాలో పెట్టుకోండి, అసలుది బిడ్డ చేతికివ్వండి. పాతికేళ్ల వయసులో కొత్త డాక్టరు ముందు ఒంటరిగా కూర్చుని దాన్ని విప్పి చదవాల్సింది తనే.