ఎర్ర లైటు వెలిగితే బోర్డు పోయినట్టేనా? ట్రెడ్‌మిల్ రిపేర్లపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ట్రెడ్‌మిల్ మోటార్‌ని నడిపే బోర్డు, అంటే మోటార్ కంట్రోలర్, దాని మీదుండే లైట్లను బట్టి లోపం ఎక్కడుందో తెలుసుకోవడం ఇవాళ్టి విషయం. మెకానిక్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్... హలో?

కాలర్: హలో, సార్! వినిపిస్తోందా?

మెకానిక్: వినిపిస్తోందండీ. టీవీ సౌండు తగ్గించుకోండి.

కాలర్: ఆ, తగ్గించాను. సార్, మా ట్రెడ్‌మిల్ మొదట్లో బాగానే తిరిగేది. మా ఆవిడ నడిచేది, తర్వాత మా అబ్బాయి. వాడు కాస్త బరువు లెండి. మధ్యలో చాన్నాళ్లు ఎవరూ ఎక్కలేదు, బట్టలు ఆరేసుకున్నాం. ఇప్పుడు ఆన్ చేస్తే బెల్టు కదులుతుంది, మనిషి ఎక్కితే ఆగిపోతుంది. ముందు మూత తీశాను. బోర్డు మీద ఎర్ర లైటు. బోర్డు పోయిందంటారా?

మెకానిక్: మూత తీసేముందు ప్లగ్ పీకారా?

కాలర్: స్విచ్ ఆపాను సార్.

మెకానిక్: చాలదండీ. ప్లగ్ పీకాలి. 230 వోల్టుల సరఫరాని డీసీగా మారిస్తే బోర్డు మీది పెద్ద కెపాసిటర్లలో దాదాపు 325 వోల్టులు నిలవుంటాయి. లైటు ఆరిందని చెయ్యి పెట్టకండి, ఆరాక కూడా ఛార్జి మిగిలుండొచ్చు. ప్లగ్ పీకి, కాసేపాగి, మీటర్‌తో చూసి, అప్పుడు ముట్టుకోండి. లైటు చూడ్డానికి కరెంటు ఇచ్చినప్పుడు మాత్రం చేతులు వెనక్కి. సరే, ఆ ఎర్ర లైటు ఎప్పుడొస్తోంది? ఆన్ చెయ్యగానేనా, మనిషి ఎక్కాకా?

కాలర్: పచ్చది ఎప్పుడూ ఉంటుంది సార్. ఎర్రది... మా అబ్బాయి ఎక్కితే వచ్చింది. నేనెక్కితే మినుకుమినుకుమంది.

మెకానిక్: అదీ సంగతి. చాలా బోర్డుల్లో బరువు పడ్డప్పుడు వచ్చే లైటు కరెంట్ లిమిట్ లైటు. మోటార్ హద్దు దాటి ఆంపియర్లు లాగుతోంది, బోర్డు అడ్డుకుంటోంది. అంటే బోర్డు తన పని తాను చేస్తోందన్నమాట. ఏ రంగుకి ఏ అర్థమో మోడల్‌ని బట్టి మారుతుంది, మూత లోపలి స్టిక్కరు చూడండి. నాకైతే అనుమానం బెల్టు మీదే. ప్లగ్ పీకి, బెల్టు కిందికి చెయ్యి పోనిచ్చి తడమండి. పొడిగా ఉంటే సిలికాన్ ఆయిల్ వెయ్యాలి. వంటనూనె, గ్రీజు వద్దు. బెల్టు మరీ బిగించినా ఇదే బాధ.

కాలర్: అయితే బోర్డు మార్చాలంటారా?

మెకానిక్: (నవ్వుతూ) అయ్యా, ఇప్పుడే కదా చెప్పింది!

కాలర్: అది కాదు సార్, ఇక్కడ చూసినతను బోర్డేనని గట్టిగా అన్నాడు.

మెకానిక్: అయితే తేల్చుకోండి. ప్లగ్ పీకి, మోటార్ నుంచి రోలర్‌కి పోయే డ్రైవ్ బెల్టు తీసెయ్యండి. వేళ్లూ బట్టలూ దూరంగా ఉంచి, మోటార్ ఒక్కదాన్నే నెమ్మదిగా తిప్పండి. హాయిగా తిరిగి, ఎర్ర లైటు రాకపోతే ముందు నడిచే బెల్టునీ, దాని కింద ఉండే పలక, అదే డెక్కునీ చూడండి. ఒట్టి మోటారుకే లైటొస్తే బేరింగో, మోటార్ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లో, మోటారో చూడాలి. బాగా వేడెక్కి మాగ్నెట్ బలం తగ్గిన మోటార్ కూడా ఎక్కువ లాగుతుంది. ఇంకోటి, స్పీడ్ సెన్సర్ రోలర్ దగ్గరుండే మెషీన్ అయితే కొన్ని సెకన్లకే ఎర్రర్ చూపి ఆగుతుంది. దానికి కంగారు పడకండి.

కాలర్: పచ్చ లైటు ఉంది కాబట్టి మోటారుకి కరెంటు వెళ్తున్నట్టే కదా?

మెకానిక్: బోర్డు దాకా వచ్చిందని చెబుతుందంతే. మోటార్ దాకా వెళ్లిందని కాదు. ముందు ఆయిల్ సంగతి చూడండి, బోర్డు జోలికి పోకండి.

యాంకర్: థాంక్యూ అండీ. తర్వాతి కాలర్?

కాలర్: సార్, మాదాంట్లో ఏ లైటూ లేదు. పైన డిస్‌ప్లే కూడా రావట్లేదు.

మెకానిక్: సాకెట్లో ఇంకేదైనా పెట్టి చూడండి. తర్వాత మెషీన్ మీది బ్రేకర్ బటన్, ఆ తర్వాత ఫ్యూజు. ఫ్యూజు పోయుంటే మాత్రం పెద్దది వెయ్యకండి. కొత్తది వేసేలోపు, ప్లగ్ పీకి, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ షార్టయిందేమో మీటర్‌తో చూడండి. లేదంటే అదీ పోతుంది.

కాలర్: మరి...

యాంకర్: సమయం తక్కువుందండీ, సారీ. తర్వాతి కాల్. అమ్మా, చెప్పండి.

కాలర్: నమస్తే అండీ. ఆన్ చెయ్యగానే ఒక్కసారిగా ఫుల్ స్పీడు అందుకుంటోంది. లైట్లన్నీ మామూలుగానే ఉన్నాయి.

మెకానిక్: ఎవరైనా పైనున్నారా అప్పుడు?

కాలర్: లేదండీ, నేను పక్కన నిలబడ్డాను.

మెకానిక్: బతికించారు. లైట్లు ఏం చెప్పినా పట్టించుకోకండమ్మా. మోటార్‌ని నడిపే మాస్‌ఫెట్, అంటే బోర్డు మీది ఎలక్ట్రానిక్ స్విచ్చు, షార్టయితే ఇలాగే ఉరుకుతుంది, పచ్చ లైటు పచ్చగానే ఉంటుంది. ప్లగ్ పీకేసి, బోర్డు బాగుచేసేదాకా మళ్లీ పెట్టకండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

కాలర్: అలాగేనండీ.

యాంకర్: చివరి కాలర్. త్వరగా అడగండి.

కాలర్: సార్, లైటు ఆగి ఆగి మెరుస్తోంది. బెల్టు కొంచెం తిరిగి ఆగిపోతోంది.

మెకానిక్: ఎన్నిసార్లు మెరిసి ఆగుతోంది?

కాలర్: లెక్కపెట్టలేదు సార్.

మెకానిక్: అదే ముఖ్యం బాబూ. ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా చూడు, మాన్యువల్లో ఆ లెక్కకే అర్థం ఉంటుంది. ఈలోగా పుల్లీ మీది మాగ్నెట్ ఊడిందేమో, స్పీడ్ సెన్సర్ పక్కకి జరిగిందేమో చూడు. బెల్టు తిరుగుతున్నట్టు బోర్డుకి కబురు అందకపోతే అదే ఆపేస్తుంది. మూత తీసేముందు...

కాలర్: ప్లగ్ పీకాలి సార్.

మెకానిక్: మీటర్‌తో కూడా చూడాలి.

యాంకర్: సమయం అయిపోయింది. థాంక్యూ సార్. లైన్లో ఉన్నవాళ్లు వచ్చేవారం చేయండి.