ఐదు మైకులొచ్చినా కొనరేం?

శ్రోతలందరికీ నమస్కారం. పత్రికలు ఆకాశానికెత్తిన ర్యాప్ ఆల్బమ్‌ని, అంటే తాళానికి తగ్గట్టు మాటలు చెప్పుకుపోయే పాటల క్యాసెట్టుని, జనం ఎందుకు కొనరన్నదే ఇవాళ్టి కబురు.

1994లో మా మావయ్యకి పాలకొల్లులో చిన్న క్యాసెట్ల షాపు ఉండేది. కాలేజీకి సెలవులిస్తే నేను అక్కడే. షాపు నడిచేది కంపెనీ క్యాసెట్ల మీద కాదండి, రికార్డింగ్ మీద. జనం కాయితం మీద పాటలు రాసుకొచ్చేవారు, 60 నిమిషాల క్యాసెట్టయితే ఓ పన్నెండు పాటలు, 90 అయితే ఓ పద్దెనిమిది, సాయంత్రం రమ్మని పంపేవాళ్లం. ఆ చీటీలన్నీ నా చేతి మీదుగానే వెళ్లేవి. సినిమాలో ఆరు పాటలుంటే చీటీలో రెండే ఉండేవి, ఎవరి చీటీ చూసినా అవే రెండు. మిగతా నాలుగూ బాగోలేదని కాదు, వాటి సంగతి ఎవరూ అడగలేదంతే.

ఆ ఏడాదే ప్రేమికుడు వచ్చింది. అందులో పేటరాప్ ఉంది చూశారూ, ర్యాప్ అనే మాట మావైపు చాలామంది చెవిన పడింది దాంతోనే. దాంట్లో ఏమంటున్నారో పూర్తిగా చెప్పగలిగినవాడు మా బజార్లో ఒక్కడు లేడు, అయినా ప్రతి చీటీలోనూ ఆ పాట ఉండేది.

ఆ తర్వాతొచ్చిన సంక్రాంతికి మా బావ న్యూజెర్సీ నుంచి వచ్చాడు. సంచిలోంచి ఓ క్యాసెట్ తీసి, "ఒరేయ్, మీరు వింటున్నది ర్యాప్ కాదురా, ఇదీ ర్యాప్, అక్కడ పత్రికలు దీన్ని నెత్తిన పెట్టుకుంటున్నాయి" అని షాపు డెక్‌లో పెట్టాడు. ముందు రైలు వెళ్తున్న చప్పుడు, ఆ తర్వాత ఎవరో కుర్రాళ్ల మాటలు, వెనకాల సన్నగా బీటు, తర్వాత ఒకడు గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోవడం. మా బావ కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. బల్ల మీద చీటీ పెట్టి నిలబడ్డ పెద్దాయన కాసేపు ఓపిక పట్టి, "ఏవండీ, రైలెళ్లిపోయింది కదా, పాటెప్పుడు మొదలవుద్ది?" అన్నాడు.

మంచి ర్యాప్ ఆల్బమ్ ఎందుకు అమ్ముడుపోదు అన్నదానికి నేను విన్న జవాబులన్నిట్లోకీ ఆ ప్రశ్నే గట్టిదని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఆ క్యాసెట్టు పేరు ఇల్మాటిక్. పాడినవాడు, పాడాడనాలో చెప్పాడనాలో గానీ, నాస్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు, న్యూయార్కులో క్వీన్స్‌బ్రిడ్జ్ అనే సర్కారు క్వార్టర్లలో పెరిగినవాడు. ర్యాప్ కోసమే అక్కడ ద సోర్స్ అని ఒక పత్రిక ఉండేది, రివ్యూకి మార్కుల బదులు మైకులు ఇచ్చేవారు, ఐదుకి ఐదు రావడం గగనం. ఈ కుర్రాడికి మొదటి ఆల్బమ్‌కే ఐదూ వచ్చేశాయి. మరి అమ్మకం? బిల్‌బోర్డ్ అనే పత్రిక వేసే అమ్మకాల పట్టికలో 12వ స్థానం, తొలివారం సుమారు 60 వేల కాపీలు. 5 లక్షలు దాటితే ఇచ్చే గోల్డ్ ముద్ర 1996 జనవరికి గానీ పడలేదు, 10 లక్షల ప్లాటినం 2001లో. మనకి 60 వేలంటే పండగే గానీ, అంతకు నాలుగేళ్ల ముందు 1990లో ఎంసీ హ్యామర్ అనే ర్యాపర్ ఆల్బమ్ ఒకటి అదే పట్టికలో 21 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. దాన్ని కవిత్వమని పొగిడినవాళ్లు లేరు. పెళ్లిలో పెట్టుకుని గంతులేశారు, అంతే.

పుస్తెలమ్మి అయినా పులస తినాలంటారు కదా మనవైపు. అన్నవాళ్లంతా తిన్నారా? లేదు. కానీ పులస సంగతి వేరు, అది దొరకదు, దొరికితే మన ధరకి రాదు. నాస్ క్యాసెట్టూ హ్యామర్ క్యాసెట్టూ ఒకే షాపులో ఒకే అరలో ఉండేవి. చెయ్యి దాని మీదికెళ్లకుండా దీని మీదికెందుకెళ్లింది అన్నదే ప్రశ్న.

ముందు ఒక మోటు మాట. రివ్యూ రాసేవాడికి క్యాసెట్టు ఊరికే వస్తుంది. ఇంట్లో తలుపేసుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒకే పాటని నాలుగుసార్లు వెనక్కి తిప్పి వింటాడు, అది అతని ఉద్యోగం. కొనేవాడు జేబులోంచి తీసి ఇస్తాడు, కార్లోనో, పదిమంది చేరిన చోటో పెడతాడు. వాళ్లిద్దరి చేతిలో ఉన్నది ఒకటే క్యాసెట్టయినా వినేది ఒకటి కాదు.

మా ఊరి తీర్థంలో హరిశ్చంద్ర నాటకం వేసేవారు. ముందు కుర్చీలో తెలుగు మాస్టారు కూర్చుని సమాసం పడ్డచోట "ఆహా" అనేవారు. వెనక చాపల మీదవాళ్లు పద్యం ఎప్పుడైపోతుందా, రాగం ఎప్పుడు తీస్తాడా అని చూసేవారు, తీయగానే వన్స్ మోర్, ఒకాయన స్టేజీ ఎక్కి నటుడి అంగవస్త్రానికి పిన్నీసుతో పది రూపాయల నోటు గుచ్చేవాడు. ఆ నోటు సమాసానికి పడగా నేనెప్పుడూ చూడలేదు. మాస్టారు అబద్ధం చెప్పలేదు, సమాసం నిజంగా గొప్పదే. నాస్ చేసిందీ అలాంటి పనే, ప్రాసని వాక్యం చివర వేసి ఊరుకోకుండా మధ్యలో మూడు నాలుగు చోట్ల దాచిపెడతాడు, యతిస్థానం వెతుక్కున్నట్టు వెతుక్కోవాలి. వెతుక్కునేవాళ్లకి బంగారం. లారీ నడుపుతూ వెతుక్కోవడం కష్టం.

ఆ సంగతి నాస్‌కీ, అతని కంపెనీకీ బాగానే అర్థమైనట్టుంది. 1996లో వచ్చిన రెండో ఆల్బమ్‌లో లారిన్ హిల్ అనే గాయని చేత చక్కటి పల్లవి పాడించారు, బీట్లు నున్నగా చేయించారు. అది మొదటి వారమే మొదటి స్థానం, అదే ఏడాది 20 లక్షలు దాటింది. విమర్శకుల్లో కొందరు, అమ్ముడుపోయాడని మొహం తిప్పుకున్నారు. జే-జీ అనే ఇంకో ర్యాపర్ అయితే 2003లో వచ్చిన ద బ్లాక్ ఆల్బమ్‌లో దాపరికం లేకుండా చెప్పేశాడు, జనం కోసం మాట తేలిక చేశాను, డబ్బు రెట్టింపయిందని. నాకు ఇందులో సిగ్గుపడాల్సిందేమీ కనబడదు. చీటీలో ఎక్కాలంటే ఒక్క పాటైనా నోటికి రావాలి, ఆ ఒక్క పాట లేని ఆల్బమ్‌ని రేడియోవాళ్లు వేయరు, వేయనిదాన్ని షాపులో అడగరు.

పొగిడేవాడు ఏ ఊరివాడు అన్నదీ చూడాలండి. ఆ పత్రికలు చాలావరకు న్యూయార్కులో ఉండేవి, రాసేవాళ్లు ఆ వీధుల్లోనే తిరిగేవారు, ఆ యాస, ఆ సందులు, ఆ తిట్లు అన్నీ వాళ్లకి తెలుసు. అమెరికా దక్షిణాదివాళ్లంటే చిన్నచూపు. 1995లో ద సోర్స్ వాళ్లే న్యూయార్కులో అవార్డులిస్తే, అట్లాంటా నుంచి వచ్చిన అవుట్‌కాస్ట్ కుర్రాళ్లకి కొత్తవాళ్ల బహుమతి వచ్చిందని సభలోవాళ్లు గోల చేశారు. ఆ కుర్రాళ్ల మొదటి ఆల్బమ్ మాత్రం అప్పటికే ప్లాటినం. సినిమాల్లో కోనసీమ యాస వినబడితే, ఊళ్లో లేనివాళ్లకి నవ్వులాట, మనకేమో "ఆయ్, ఇలాగెవరంటారండి" అని చిరాకు. చెవి అలవాటు అలాంటిది.

ఇక దొంగ కాపీలు. ఇక్కడ నేను నీతులు చెప్పే హక్కు పోగొట్టుకున్నాను, మా షాపు బతికిందే వాటి మీద. ఇల్మాటిక్ విడుదల కాకముందే న్యూయార్కు రోడ్ల మీద దొంగ క్యాసెట్లు తిరిగాయి. దీంట్లో ఓ తిరకాసుంది. మామూలు ఆల్బమ్‌కి దొంగ కాపీ చేసేది ఊరికే వస్తుందని, కానీ ఎక్కువ పొగడ్తలొచ్చిన ఆల్బమ్‌ని ముందుగా పట్టుకునేది దాన్ని ప్రాణంగా చూసేవాళ్లే, అంటే తొలిరోజు డబ్బిచ్చి కొనాల్సినవాళ్లే. మ్యాడ్‌విలనీ అని ఓ ఆల్బమ్ 2004లో వచ్చింది, డూమ్, మ్యాడ్‌లిబ్ అనే ఇద్దరు కలిసి చేశారు. మ్యాడ్‌లిబ్ బ్రెజిల్ వెళ్లినప్పుడు సగం పని అయిన టేపు చెయ్యి జారింది, ఏడాదికి పైగా ముందే ఇంటర్నెట్లో పడిపోయింది. విసుగొచ్చి ఇద్దరూ వేరే పనుల్లో పడ్డారు, తర్వాత డూమ్ మళ్లీ కూర్చుని గొంతు తగ్గించి, నింపాదిగా, మొత్తం కొత్తగా చెప్పాడు. ఆ నింపాదినే జనం ఇవాళ మెచ్చుకుంటున్నారు. విడుదలైనప్పుడు బిల్‌బోర్డ్‌లో దక్కిన స్థానం 179.

కాలవకి నీళ్లు ఆలస్యంగా వదిలితే ఏమవుతుందో డెల్టాలో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, మడిలో నారు ముదిరిపోతుంది, ముదురు నారు వేస్తే దుబ్బు కట్టదు. క్లిప్స్ అనే అన్నదమ్ముల జంటకి ఇదే జరిగింది. 2002లో మొదటి ఆల్బమ్ బాగా పోయింది, రెండోది సిద్ధం చేసుకునేలోగా కంపెనీలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, వీళ్ల ఫైలు ఎవరి బల్ల మీదుందో తెలీదు, ఒప్పందం నుంచి వదలమని కోర్టుకి కూడా వెళ్లారు. ఈలోగా జనం మర్చిపోతారని మిక్స్‌టేపులు, అంటే కంపెనీ ఆల్బమ్‌తో పనిలేకుండా సొంతంగా కూర్చిన పాటలు, చేసి వదిలారు. చివరికి 2006 నవంబర్లో హెల్ హాత్ నో ఫ్యూరీ వచ్చింది. ఎక్స్ఎక్స్ఎల్ అనే పత్రిక తన దగ్గరున్న పెద్ద మార్కు ఇచ్చేసింది. చార్టులో 14వ స్థానంతో సరిపెట్టుకుంది, మొదటిదానంత అమ్మలేదు.

లెక్క సంగతి కూడా ఒకటుంది. 1991 దాకా అమెరికాలో బిల్‌బోర్డ్ వాళ్లు షాపులకి ఫోన్ చేసి ఏది బాగా పోతోందని అడిగేవారు. షాపాయన తనకి తోచింది చెప్పేవాడు. మా మావయ్యనడిగితే ఘంటసాల భగవద్గీత అని చెప్పేవాడు, గౌరవంగా ఉంటుందని. ఆ ఏడాది మే నుంచి బార్‌కోడ్ మీద అమ్మినదే లెక్కపెట్టడం మొదలైంది, కొద్ది వారాల్లోనే జూన్‌లో ఎన్.డబ్ల్యూ.ఏ. అనే ర్యాప్ బృందం ఆల్బమ్ మొదటి స్థానానికొచ్చి కూర్చుంది. దాన్ని అంతమంది కొంటున్నారని పెద్దలెవరూ అనుకోలేదు. అంటే "జనం కొనరు" అన్న మాట వెనక లెక్కపెట్టనివాడి తప్పూ కొంత ఉంటుంది.

ఇప్పుడైతే మరీ విచిత్రం. 2014 డిసెంబర్లో స్ట్రీమింగుని, అంటే కొనకుండా ఇంటర్నెట్లో వినడాన్ని, చార్టులో కలిపినప్పుడు 1,500 సార్లు వింటే ఒక ఆల్బమ్ కొన్నట్టు అన్నారు, తర్వాత ఆ లెక్క మారింది. పది పాటల ఆల్బమ్‌ని మొదటినుంచి చివరిదాకా 150 సార్లు వినాలన్నమాట, ఒక్క కాపీ కింద రాయించుకోవడానికి. మా బావలాంటి భక్తుడు కూడా అంత వినడు. అదే జిమ్ములోనో బార్బర్ షాపులోనో పొద్దస్తమానం తిరిగే ఒక్క పాట ఉంటే, నెల తిరక్కుండా అయిపోతుంది.

మా మేనల్లుడు భీమవరంలో చదువుకుంటూ ర్యాప్ చేస్తాడు, గదిలో బొంతలు కట్టుకుని ఫోన్లోనే రికార్డింగ్, మాట మన గోదారి మాటే. కింద కామెంట్లు చూడాలి, "తోపు బ్రో", "ఆల్బమ్ ఎప్పుడు బ్రో". తీరా ఏడు పాటలు కలిపి పెట్టాడు. మొదటి పాటకి వేలల్లో వచ్చాయి, ఏడో పాటకి వందలు. "మావయ్యా, పొగిడినోళ్లంతా ఎక్కడికెళ్లారు?" అని దిగులు పడ్డాడు. మూడోదాకా వచ్చి టీ తాగడానికి వెళ్లారురా అన్నాను. నవ్వలేదు.

అలాగని మెచ్చుకున్నవేవీ అమ్మవని అనుకోకండి. లారిన్ హిల్ 1998 ఆల్బమ్ అటు గ్రామీ తెచ్చుకుంది, ఇటు షాపులూ ఖాళీ చేసింది. కెండ్రిక్ లమార్ అనే ర్యాపర్ ఆల్బమ్ డ్యామ్ 2017లో మొదటి స్థానంలో దిగింది, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. వాటిల్లో సమాసమూ ఉంది, రాగమూ ఉంది. ఇల్మాటిక్ కూడా చివరికి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాచిపెట్టే రికార్డుల్లో చేరింది, 2021లో ప్రకటించారు.

మా బావ తెచ్చిన ఇల్మాటిక్ మాత్రం దాచిపెట్టబడలేదండి. ఆ సంక్రాంతికి ఖాళీ క్యాసెట్లు అయిపోయాయి. చించినాడ వంతెన అప్పటికింకా లేదు, రాజోలు వైపు నుంచి రేవు దాటి వచ్చిన ఒక కుర్రాడు ప్రేమికుడు పాటలు కావాలని చీటీ పట్టుకుని కదలడం లేదు. మా మావయ్య డెక్‌లో ఉన్నది తీశాడు, పైన రికార్డింగ్ అవ్వకుండా ఉండే చిల్లుల్లో కాయితం ఉండలు కుక్కాడు, నాలుగు సెకన్లు వదిలి పాటలు ఎక్కించేసి ఇచ్చి పంపాడు. నేను చూస్తూనే ఉన్నాను, ఏమీ అనలేదు.

వారం తర్వాత ఆ కుర్రాడు మళ్లీ వచ్చాడు. ఏమైందయ్యా, క్యాసెట్టు చుట్టుకుపోయిందా అన్నాను.

"లేదండి, బాగానే ఉంది. మా రాజోలుకి రైలు రాలేదు గానీ, మీ క్యాసెట్టులో ముందర వచ్చేస్తుందండి, ఆయ్. మా నాన్న దానికోసమే వెనక్కి తిప్పి తిప్పి వింటున్నాడు."